తెర మీద రెండు చేతులు

"ఇంకా రాలేదా?"

మాస్టారు అలా అడగడం ఇది మొదటిసారి కాదు. ఎవరి ముఖమూ చూసి అడగలేదు. కటింగు బల్ల మీద పరిచిన బట్టని చూస్తూ అడిగారు. బట్ట మీద సుద్దగీత భుజం దగ్గర మొదలై చంక దాకా వచ్చి ఆగిపోయింది.

"ఆట వదిలితే గదా రావడానికి," అంది అత్తగారు లోపలి గదిలోంచి. "మనం లేచి వచ్చాం. మీ కోడలు మహారాణిగారు కూర్చున్నారు."

"లేచి రమ్మని నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను. భుజం పట్టుకుని కుదిపాను. 'మీరు పదండి అత్తయ్యా, నేను చివరిదాకా చూసి వస్తాను' అంది. సందంతా వింటుండగా అంది. మెల్లిగా కూడా అనలేదు."

ఆ కోడలి మరిది, మాస్టారి చిన్నకొడుకు, గోడవారన మెషిను ముందు కూర్చుని ఉన్నాడు. సూదిలో దారం లేదు. ఊరికే తొక్కుతున్నాడు.

"దారం లేకుండా ఎందుకురా తొక్కడం, సూది విరుగుతుంది," అన్నారు మాస్టారు.

"విరగనీ. ఈ ఇంట్లో ఇంకా విరగనిది ఏముంది?"

ఆ ఇంట్లో కొడుకులు తండ్రికి ఎదురు చెప్పరు. ఈ రోజు చెప్పినా మాస్టారు ఊరుకున్నారు. ఊరుకోక తప్పదు. కోడలి చేతులు సినిమావాళ్ళకి ఇచ్చింది ఆయనే.

నిరుడు సినిమావాళ్ళు ఈ కుట్టుపనివాళ్ళ సందులోకి వచ్చి, ఇస్త్రీ చేసే అబ్బాయికీ కాజాలు కుట్టే అమ్మాయికీ ప్రేమకథ అన్నప్పుడు అందరికంటే ముందు నవ్వింది మాస్టారే. హీరోయిను సూది పట్టుకున్న తీరు చూసి, "అమ్మా, అది సూది, పాముపిల్ల కాదు," అన్నారు. తర్వాత ఆయనే, "కాజాలు మా కోడలు కుడుతుంది, చేతులు తీసుకోండి," అన్నారు. ముఖం కనపడకూడదు, మణికట్టు దాటి అంగుళం కూడా పైకి రాకూడదు అని మాట తీసుకున్నారు. కొలతల మనిషి మరి. ఆ తర్వాత ఏడాది పొడుగునా, బట్ట ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ, "మా కోడలి చేతులు తెర మీద చూస్తారు," అని చెప్పుకున్నదీ ఆయనే.

హీరోకి ఇస్త్రీపెట్టె పట్టడం రాదు. మరి అతని చేతులు ఎవరివి అని మాస్టారు అడగలేదు. అడగాలని తోచలేదు.

ఈ రోజు పొద్దుటాటకి సందులో అందరికీ పాసులిచ్చారు. తెర మీద ఒక చెయ్యి చొక్కా కాలరు మూలలు రెండూ బొటనవేలితో నొక్కి చూసి, ఆ తర్వాతే పెట్టె ఎత్తింది. ముందు వరసలోంచి ఎవరో, "ఒరే, అది మన ఇస్త్రీ మడతగాడి చెయ్యిరా," అన్నారు. బయటివాళ్ళకి తెర మీద హీరో కనిపిస్తున్నాడు. సందువాళ్ళకి చెయ్యి కనిపిస్తోంది. తలొంచుకుని బతికే పని కాబట్టి వీళ్ళు మనుషుల్ని ముఖాలకంటే చేతుల్ని బట్టే ఎక్కువ గుర్తుపడతారు. బొటనవేలి మొదట్లో, పెట్టె అంచు తగిలి కాలిన నెలవంక మచ్చ. అనుమానం లేదు, మడతే.

ఆ వెనకే కాజా కుడుతున్న ఎడమచెయ్యి. ఎడమచేత్తో సూది పట్టేది సందు మొత్తానికి మాస్టారి కోడలొక్కతే. సూది జారి కుడి చూపుడువేలికి గుచ్చుకుంది. మచ్చ ఉన్న చెయ్యి వచ్చి, రక్తపు చుక్కని గుడ్డతో అద్ది, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. తీసుకుని అలాగే ఉంచింది. పాట లేదు, మాట లేదు. హాల్లో వెనక కూర్చున్న ఊరివాళ్ళు ముక్కులు చీదుకున్నారు. ముందు కూర్చున్న సందువాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పి మాస్టారి వైపు చూశారు.

మాస్టారు లేచి వచ్చేశారు.

మరెవరి చెయ్యయినా ఆయన నవ్వి ఊరుకునేవారేమో. మడత ఈ షాపులోనే ఇస్త్రీ బల్ల దగ్గర పెరిగాడు. మూడేళ్ళ కిందట పెద్దకొడుకు, అంటే ఈ కోడలి భర్త, జ్వరంతో చనిపోయిన వారంలో, పలకరించడానికి వచ్చినవాళ్ళందరి ముందూ, "ఒళ్ళు కాలిపోతుంటే మెషిను మీద కూర్చోబెట్టారు మాస్టారూ," అన్నాడు. ఆ రోజే మాస్టారు వాణ్ణి గెంటేశారు. వాడు రోడ్డుకి ఎదురుగా బల్ల వేసుకున్నాడు. అప్పటినుంచి ఈ ఇంట్లో ఎవరూ ఆ వైపు చూడరు. షాపు తలుపు తెరిస్తే కనిపించేది ఆ వైపే అయినా చూడరు.

"రానీ," అన్నారు మాస్టారు ఇప్పుడు. "ఇవాళ అటో ఇటో తేల్చేస్తాను. ఉంటే నా కొడుకు భార్యగా ఉండాలి. లేకపోతే లేదు."

"లేకపోతే ఎక్కడికి పోతుంది?" అంది అత్తగారు. "అమ్మా లేదు, అబ్బా లేడు. మన గడప కాకపోతే ఏ గడప ఉంది దానికి?"

"ఆ సంగతి హాల్లో కూర్చున్నప్పుడు తెలియాలి."

గడప దగ్గర చెప్పుల చప్పుడైంది. ముగ్గురూ తలెత్తారు. కోడలు కాదు, బొత్తాలమ్మ. ఆ సందులో బొత్తాలూ దారాలూ హుక్కులూ అమ్ముకునే ఆవిడ. వాటితోపాటు కబుర్లు ఉచితం.

"మాస్టారూ, తెల్ల బొత్తాలు కావాలన్నారట."

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారు లెండి." ఆవిడ బుట్ట దించి గడప పక్కనే కూర్చుంది. "సినిమా మాత్రం బాగా తీశారండీ. మీరు మధ్యలోనే వచ్చేశారు. నేనూ లేద్దామనుకున్నాను, మోకాళ్ళు ఒప్పుకోలేదు."

"బొత్తాలమ్మా, నీ పని చూసుకో," అంది అత్తగారు.

"అదే చూసుకుంటున్నానక్కా." ఆవిడ గొంతు తగ్గించింది, తగ్గించినా రోడ్డు అవతలికి వినిపించేంత. "ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకు. సినిమావాళ్ళు ఏదైనా ఒకటికి పదిసార్లు తీస్తారట గదా. మరి ఆ చెయ్యి పట్టుకోవడం ఒకసారే పట్టుకున్నారా, కుదరలేదని పదిసార్లూ పట్టుకున్నారా?"

మెషిను ఆగింది.

"నీ నోటికి కాజా కుట్టి బొత్తాం పెడతాను," అన్నాడు మరిది.

"కాజాలు కుట్టేది మీ వదిన గదా నాయనా. ఆవిణ్ణే రానీ."

ఆవిడ వచ్చింది.

బొత్తాలమ్మని దాటుకుని, ఎవరినీ పలకరించకుండా లోపలికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని వచ్చి తన పీట మీద కూర్చుంది. పొద్దున వదిలేసి వెళ్ళిన చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుంది. సూదిలో దారం ఎక్కించడానికి రెండుసార్లు ప్రయత్నించింది. ఎప్పుడూ ఒక్కసారికే ఎక్కించే మనిషి. ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అయిపోయిందా సినిమా?" అన్నారు మాస్టారు.

"అయిపోయింది మామయ్యా."

"బాగుందా?"

అది అడగడం కాదని అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. దారం కొన తడిచేసి, మెలిపెట్టి, సూదిలోకి దూర్చాక చెప్పింది.

"బాగుంది."

ఆ ఒక్క మాటకి ఇల్లు అంటుకుంది.

"బాగుంటుంది," అన్నాడు మరిది లేచి నిలబడి. "ఎందుకు బాగుండదు? మా అన్నయ్యని దిగమింగి..."

"ఒరే," అంది అత్తగారు. కొడుకుని ఆపడానికి కాదు. ఆ మాట తను అనాలని. "ఏమే, ఆ గోడ మీద నా కొడుకు ఫోటో ఉంది. పొద్దున లేవగానే దాన్ని తుడిచే చేతులే గదా అవి. ఆ చేతుల్నేనా వాడి చేతుల్లో పెట్టావు?"

"నా చేతులు ఇస్తానని నేననలేదు అత్తయ్యా. మామయ్య ఇచ్చారు."

"కుట్టడానికి ఇచ్చాను," అన్నారు మాస్టారు. "కులకడానికి ఇవ్వలేదు."

కోడలు కాజా అంచున మొదటి ముడి వేసింది.

"నేను అతని చెయ్యి పట్టుకోలేదు."

"మా కళ్ళతో చూశాం," అంది అత్తగారు.

"మీరు చూసింది సినిమా."

"అందులో చెయ్యి నీది కాదా?"

"నాదే."

"రెండోది వాడిది కాదా?"

"అతనిదే."

"ఇంకేం మిగిలిందే చెప్పడానికి?"

గడప దగ్గర బొత్తాలమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. మాస్టారు కత్తెర తీసి బల్ల మీద ఇటునుంచి అటు పెట్టారు. ఎంత నిజమో అంత మాటే చెబితే అది అబద్ధంలాగే ఎందుకు వినిపిస్తుందో, భగవంతుడికే తెలియాలి.

"వాళ్ళు ముక్కలు ముక్కలుగా తీస్తారు," అంది కోడలు. "చొక్కా చేతులు వేరే, మెడ వేరే కత్తిరించుకుని, తర్వాత కలిపి కుట్టమా? అలాగే. నా చెయ్యి పట్టుకున్నది ఆ రోజు అక్కడ మేకప్ వేసే అమ్మాయి. ఆమె వేళ్ళు పడకుండా తీశారు."

"ఎంత చక్కగా కుట్టిందో చూడు కథ," అన్నాడు మరిది. "కుట్టుపని నేర్పింది మేమే గదా. ఉండు, అవతలి ముక్క కూడా చూసి వస్తాను."

ఎవరూ ఆపేలోగా రోడ్డు దాటేశాడు.

ఆ రోడ్డు ఎంత సన్నమంటే ఇటు దగ్గితే అటు దుప్పటి కప్పుకుంటారు. మడత పెట్టెతో ఒక పొడుగుచేతుల చొక్కా రుద్దుతున్నాడు. మరిది వెళ్ళి అతని చొక్కా గల్లా పట్టుకున్నాడు.

"పెట్టె పక్కన పెట్టనీ తమ్ముడూ," అన్నాడు మడత. "పడితే ఇద్దరి కాళ్ళూ కాలతాయి. తర్వాత పట్టుకుందువుగాని."

"మా వదిన చెయ్యి పట్టుకుంటావా?"

మడత పెట్టెని నిలబెట్టాడు. గల్లా విడిపించుకోలేదు. సందులో తలుపులు తెరుచుకున్నాయి. మాస్టారు షాపు మెట్టు మీదికి వచ్చి నిలబడ్డారు. ఆయన ఆ వైపు ముఖం పెట్టి నిలబడటం మూడేళ్ళలో అదే మొదలు.

"నేను పట్టుకున్నది లైట్లు మోసేవాడి చెయ్యి," అన్నాడు మడత.

"ఏంటి?"

"లైట్లు మోసేవాడు. ఇంతింత మీసాలు. వాడి మణికట్టు మీద వెంట్రుకలన్నీ గీకేసి, రెండు గాజులు తొడిగి, నా ముందు కూర్చోబెట్టారు. ప్రేమగా పట్టుకోవయ్యా అన్నారు. వాడేమో కితకితలని నవ్వుతాడు. పట్టుకోలేక నా ప్రాణం పోయింది."

బొత్తాలమ్మ ఇటునుంచే అంది.

"అంటే ఊరంతా మీసాలవాడి చెయ్యి చూసి ఏడ్చిందా?"

సందులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఇంటింటికీ పాకింది. మరిది చెయ్యి గల్లా మీద వదులైంది కానీ, వదిలేస్తే ఓడిపోయినట్టుంటుందని పట్టుకునే ఉన్నాడు. నవ్వుతున్నది మడతని చూసి కాదు, తన ఇంటిని చూసి అని అతనికి తెలుస్తోంది.

"ఆవిడ చేతులు మీ షాపులో తీశారట," అన్నాడు మడత. "అది వానలకి ముందు. నన్ను ఊరి బయట వాళ్ళ సెట్లో తీసింది వానలు తగ్గాక. ఆ రెండూ పక్కపక్కన కలుపుతారని నాకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ హాల్లోనే నేనూ చూశాను. మీకు సంజాయిషీ ఇవ్వాల్సిన పని నాకు లేదు. ఆవిడ మీద మాట పడుతోంది గనక చెబుతున్నాను."

"నిజమేనా?" అన్నారు మాస్టారు మెట్టు మీదినుంచి.

"మీతో అబద్ధం ఎప్పుడు చెప్పాను మాస్టారూ?" అన్నాడు మడత. కొంచెం ఆగి, "అప్పుడు కూడా చెప్పలేదు," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు మెడలోని టేపు తీసి వేళ్ళకి చుట్టుకున్నారు.

"అవునుగానీ అబ్బాయ్," అంది బొత్తాలమ్మ, ఆ నిశ్శబ్దం ఆవిడకి పడదు గనక. "మీసాలవాడి చెయ్యే అయితే, హాల్లోంచి నువ్వెందుకు మధ్యలో లేచిపోయావు? నేను చూశాను. వీళ్ళకంటే ముందే లేచావు."

మడత గల్లా విడిపించుకున్నాడు. బల్ల మీది చొక్కా తిరగేసి, కాలరు మూల నొక్కాడు. ఆ మూల అప్పటికే ఇస్త్రీ అయి ఉంది. మళ్ళీ నొక్కాడు.

లోపల పీట మీద కూర్చున్న కోడలు అదంతా వింది. ఆమె సూది ఎక్కడ ఆగిందో ఎవరూ గమనించలేదు.

మాస్టారు లోపలికి వచ్చారు. మరిది వచ్చాడు. పిలవకపోయినా బొత్తాలమ్మ మళ్ళీ తన చోటికి వచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు మెట్ల మీద నిలబడ్డారు.

అత్తగారి ముఖం తేటపడింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, దేవుడి గూట్లో దీపం ఎగదోసింది. ఆ ఇంట్లో ఆవిడ పొద్దున దేవుణ్ణి తలచుకోకుండా మంచినీళ్ళు ముట్టదు. కొడుకు పోయిన రోజున కూడా దీపం మానలేదు. ఎందుకు మానలేదని ఎవరో అడిగితే, "ఆయన మీద అలిగితే ఇంకెవరితో చెప్పుకోను?" అంది.

"సరే," అంది ఇప్పుడు. "పోయిన మాట పోయింది. అమ్మాయ్, ఇలా రా. చెయ్యి పట్టుకోలేదని ఇప్పుడు మాతో అన్నావే, అదే మాట దేవుడి ముందు చెప్పు. బొత్తాలమ్మా, నువ్వూ విను. విని సందంతా చెప్పు. వద్దన్నా ఎలాగూ చెబుతావు."

కోడలు చొక్కా పక్కన పెట్టి లేచి వచ్చింది. గూటి ముందు నిలబడింది. తడబడలేదు.

"నేను అతని చెయ్యి ముట్టుకోలేదు. అతను నా చెయ్యి ముట్టుకోలేదు. ఎప్పుడూ."

"విన్నారుగా," అంది అత్తగారు మెట్ల వైపు తిరిగి. "ఇంక పొండి. ఎవరి పనులు వాళ్ళు చూసుకోండి."

అక్కడితో అయిపోవలసిందే. అయిపోయేదే. మరిది అప్పటికే మెషినుకి దారం పెడుతున్నాడు.

"ఆగు," అన్నారు మాస్టారు. "ఇంకో మాట చెప్పాలి."

"ఇంకేం మాటండీ?"

"వాడికీ నాకూ ఏ సంబంధమూ లేదు, వాడి మీద నా మనసులో ఏమీ లేదు, ఇకముందూ ఉండదు. ఈ మాట చెప్పమను. దేవుడి ముందు, వీళ్ళందరి ముందూ. రేపు ఇంకో సినిమా వస్తుంది, ఇంకోడు నవ్వుతాడు. నేను మళ్ళీ ఆ మెట్టు మీద నిలబడి వాడి చేత మాట పడలేను."

అందులో ఆయనకి తప్పేమీ కనిపించలేదు. మొదటి మాట చెప్పిన మనిషికి రెండోది ఎంతసేపు? అత్తగారికీ అలాగే తోచింది. "చెప్పమ్మా, మామయ్య తృప్తి కోసం," అంది.

కోడలు దీపం వైపు చూస్తూ నిలబడింది.

"చెప్పు వదినా," అన్నాడు మరిది. ఆ రోజంతటికీ అతని గొంతు కాస్త మెత్తబడింది అప్పుడే. "చెప్పేస్తే అయిపోతుంది."

ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"ఏం, నోరు పడిపోయిందా?" అన్నారు మాస్టారు.

"మొదటి మాట నిజం మామయ్యా. అందుకని చెప్పాను."

"రెండోది?"

వీధిలో సైకిలు బెల్లు మోగి దూరమైంది. బొత్తాలమ్మ బుట్టలో చెయ్యి పెట్టి, ఏమీ తీయకుండానే ఉంచేసింది.

"పొద్దున హాల్లోకి వెళ్ళేటప్పుడు అడిగి ఉంటే చెప్పేదాన్ని," అంది కోడలు. "నిజంగానే చెప్పేదాన్ని. నాకేమీ లేదు. ఎదురుగా ఒక బల్ల ఉంది, దాని వెనక ఒక మనిషి ఉన్నాడు, అంతే. అటు చూడకూడదన్నారు, చూడలేదు. సినిమాలో ఆ చెయ్యి... అది నాది. సూది గుచ్చుకుంది, ఎవరో రక్తం తుడిచి పట్టుకున్నారు. అతను పట్టుకోలేదని నాకు తెలుసు. మీరందరూ అతనే అనుకుని లేచారు. నేను అతను కాదని తెలిసే కూర్చున్నాను."

"కాదని తెలిస్తే కూర్చోవడం దేనికి?" అంది అత్తగారు.

"అతనైతే బాగుండునని అనిపించింది అత్తయ్యా."

మెట్ల మీదున్నవాళ్ళు ఒక మెట్టు పైకి జరిగారు.

"పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఈ చేతులు అందరూ చూశారు," అంది ఆమె. ఏడవడం లేదు. కాజాలు ఎన్ని అయ్యాయో చెప్పినంత మామూలుగా చెబుతోంది. "ఎంత తొందరగా కుడతాయో చూశారు. మీ పెద్దబ్బాయి మంచివారే. ఆయనకీ పనే, నాకూ పనే. గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టడమే. వేలు పట్టుకుని అంతసేపు ఎవరూ చూడలేదు. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. మనసులో ఏమీ లేదని మాత్రం ఆయన ముందు చెప్పలేను." ఆయన అంటున్నది గూట్లో ఉన్న దేవుణ్ణి అని అందరికీ అర్థమైంది. "ఆయనకి కనిపిస్తోంది గదా."

మాస్టారు బల్ల మీది బట్టని ఒక్క లాగు లాగి కింద పడేశారు. సుద్ద విరిగి దొర్లింది.

"వింటున్నావా?" అన్నారు భార్యతో. "నీ దేవుడి ముందే చెబుతోంది."

"నెమ్మదిగా మాట్లాడండి."

"నెమ్మదేంటి? నా కొడుకు కుట్టిన చొక్కాలు ఇంకా ఊళ్ళో తొడుక్కుని తిరుగుతున్నారు. అవి చిరగలేదింకా. దీనికి మాత్రం..." ఆయనకి దగ్గు వచ్చింది. దగ్గుతూనే చెయ్యి ఎత్తి తలుపు బయటికి చూపించారు. "ఈ ఇంట్లో ఉండాలంటే ఆ మాట అను. అనలేవా, పో. అటే పో. నీకు బాగుండేది అక్కడే గదా."

కోపంలో అన్నారు. ఆ వేలు ఎటు చూపిస్తోందో అన్నాక గానీ ఆయనకి తెలియలేదు. తెరిచిన తలుపులోంచి రోడ్డు, రోడ్డు అవతల బల్ల, బల్ల వెనక మనిషి. మడత పెట్టె చేతిలో ఎత్తి పట్టుకుని ఇటే చూస్తున్నాడు. అంతా విన్నాడు. ఆ సందులో వినపడనిది ఏముంది?

కోడలు కూడా ఆ వేలు వెంట చూసింది. మూడేళ్ళుగా చూడకూడదన్న వైపు. చూడమని ఇప్పుడు మామగారే చూపిస్తున్నారు.

మాస్టారు చెయ్యి దించేశారు.

ఆమె పీట దగ్గరికి వెళ్ళింది. సూదిని చొక్కాలోంచి తీసి దారపుండకి గుచ్చింది. సగం కుట్టిన కాజా పైకి వచ్చేలా చొక్కా మడిచి బల్ల మీద పెట్టింది. అక్కణ్ణుంచి తలుపు వైపు నడిచింది. పొద్దుటినుంచి నోరు మూయని బొత్తాలమ్మ, ఒక్క మాట లేకుండా బుట్ట జరిపి ఒదిగి కూర్చుంది.

ఒక కాలు గడప దాటింది.

"ఆగవే."

అత్తగారు వెనకనుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆప్యాయంగా ఏమీ కాదు. గోళ్ళు దిగేంత గట్టిగా, కిందపడబోయే మనిషి ఏది దొరికితే అది పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నా కొడుకు తాలూకు మిగిలింది నువ్వేనే," అంది. ఆ మాట ఎంత చిన్నగా అందంటే బొత్తాలమ్మకి కూడా సరిగా వినిపించలేదు. "ఒక్క మాట గదా. అనేసెయ్. ఆ మాట అని లోపలికి రా."

"అత్తయ్యా..."

"అబద్ధమైతే ఆ పాపం నాది. దేవుడితో నేను చెప్పుకుంటాను. నా నెత్తిన రాయమని అడుగుతాను. నువ్వు అను చాలు."

కోడలు తిరిగి ఆవిడ ముఖంలోకి చూసింది. పెరుగులో నీళ్ళు కలిపితే, ఆ సంగతి కూడా దాచకుండా పొరుగువాళ్ళకి చెప్పి పోసే మనిషి ఆవిడ.

"అబద్ధమవుతుందని మీకు తెలిసిపోయిందా అత్తయ్యా?"

అత్తగారు చెయ్యి వదల్లేదు.

రోడ్డు అవతల మడత పెట్టె దించి, బల్ల వెనకనుంచి రోడ్డు అంచుకి వచ్చి, ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు.